రక్తములోని శోథసూచకములు – అతిచురుకు మూత్రాశయము

మూత్రాశయము నిండకమునుపే ఆపుకొన శక్యముకాని మూత్రవేగము హఠాత్తుగా పుట్టుటయు, పగలు మాటిమాటికిని, రాత్రి నిద్ర చెడగొట్టుకొనియు లేవవలసివచ్చుటయు, ఒక్కొక్కప్పుడు మరుగుదొడ్డి చేరులోపలనే బట్టలు తడియుటయు అతిచురుకు మూత్రాశయ లక్షణములు. మూత్రమునందు సూక్ష్మజీవులుగాని మరియొక స్పష్టమైన వ్యాధిగాని లేనప్పుడే దీనికా పేరు చెల్లునని ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ 2002లో నిర్వచించినది.

ఈ లక్షణములకును శోథమునకును (శరీరములోని వాపునకును) గల సంబంధమును పరిశీలించుటకు రక్తములో కొలుచు శోథసూచకములలో ప్రధానమైనది సి-రియాక్టివ్ ప్రోటీను. మన ప్రయోగశాలల చీటీలపై సి.ఆర్.పి. అని వ్రాయునది ఇదియే. 1930లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను పరిశోధకులు, న్యుమోనియా రోగుల రక్తరసమును న్యూమోకాకస్ సూక్ష్మజీవి యొక్క ‘సి’ పదార్థముతో కలిపినప్పుడు అవక్షేపము దిగుటను గమనించి దీని ఉనికిని వెల్లడించిరి. ఇంటర్‌ల్యూకిన్-6 అను ప్రోటీను ప్రేరేపింపగా కాలేయము దీనిని తయారుచేయును; తయారీ ఆగినచో సుమారు 19 గంటలకొకసారి రక్తములోని దీని పరిమాణము సగమగును గనుక, శోథము చల్లారిన కొలది రోజులకే అంకె దిగివచ్చును. న్యూట్రోఫిలుల సంఖ్యను లింఫోసైటుల సంఖ్యచే భాగించి చూచు నిష్పత్తియు, దానినే ప్లేట్‌లెట్ల సంఖ్యచే గుణించు సూచికయు ఇటీవలివి. సాధారణ రక్తగణన ఉన్నచో వీనికి వేరు ఖర్చు లేదు.

అమెరికాలోని బోస్టన్ నగరమున 30 మొదలు 79 ఏండ్ల వయస్సుగల స్త్రీపురుషులను పరిశీలించిన సర్వేలో, సి.ఆర్.పి. హెచ్చుగానున్నవారియందు ఈ లక్షణములును అధికముగా కానవచ్చెను. ఇందుకు శారీరక కారణము ఊహింపదగినదే: మూత్రాశయపు లోపొర సాగినప్పుడు వెలువడు ఏ.టి.పి. అను రసాయనము సమీపనాడులను మేల్కొలుపును, శోథమున పెరుగు నాడీవర్ధక ప్రోటీను ఆ నాడులను మరింత సున్నితము చేయగా, కొద్దిపాటి మూత్రమునకే వేగము పుట్టును. అయితే కొవ్వు కణజాలము తానే ఇంటర్‌ల్యూకిన్-6ను స్రవించును. స్థూలకాయము, మధుమేహము మూత్రాశయమును కూడ బాధించును. కావున సి.ఆర్.పి.ని, మూత్రాశయ లక్షణములను ఒకేసారి కొలిచిన సర్వేలను చూపి శోథమే మూలమని తీర్పు చెప్పుట తొందరపాటు. చిగుళ్ల వ్యాధివలన పెరిగినను, కీళ్లవాతమువలన పెరిగినను సి.ఆర్.పి. ఒకటే, అది పుట్టిన చోటు చెప్పదు.

అందుచేత వైద్యుడు రోగనిర్ణయమునకు రక్తపరీక్షపై ఆధారపడక, మూత్రపరీక్షచే సూక్ష్మజీవుల శంకను తీర్చుకొని, త్రాగిన నీటిని, విసర్జించిన మూత్రమును వేళలతోసహా మూడుదినములు వ్రాసి తెమ్మని రోగిని కోరును.