రెండణాల టికెట్టు

సేవా సంస్థకి పెద్ద చందా ఇచ్చినవాళ్ళకి ఒక రూలు, మిగతావాళ్ళకి ఇంకో రూలు ఉండొచ్చా? దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి చదివినప్పుడు నాకు ఈ ప్రశ్న వచ్చింది.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆవిడ ఇంకా చిన్నపిల్ల. దేవదాసీలూ, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని పట్టుబట్టారు. 5,000 రూపాయలు నిధికి ఇస్తేనే కుదురుతుందన్నారు స్థానిక పెద్దలు. వినడానికి కూడా డబ్బు కట్టాలా అని నాకైతే కోపం వచ్చింది. ఆ మొత్తం దేవదాసీలే పోగుచేశారు. సభలో ఆడవాళ్ళు ఒంటిమీది నగలు కూడా తీసి ఇచ్చేశారు. లోకం చిన్నచూపు చూసినవాళ్ళ డబ్బు కూడా అదే నిధిలో చేరింది.

1923 కాకినాడ కాంగ్రెస్‌లో ఖద్దరు ప్రదర్శనకి రెండణాల టికెట్టు. వాలంటీరుగా నిలబడ్డ దుర్గాబాయి గారు టికెట్టు లేదని నెహ్రూగారినే ఆపేశారు! నిర్వాహకులు కోప్పడ్డారు, కానీ టికెట్టు కొన్నాకే ఆయన లోపలికి వెళ్ళారు.

తర్వాత 1937లో మన మద్రాసులోనే ఆంధ్ర మహిళా సభ పెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యారు. స్వచ్ఛంద సంస్థలకి గ్రాంట్లు ఇవ్వడం ఆ బోర్డు పనిగా ఉండేది. అంటే చందాలు అడిగిన మనిషే ఇచ్చే చోట కూర్చున్నారు.

మా పేటలో ఒక సంఘం ఉగాదికి పిల్లలకి నోటుపుస్తకాలు పంచుతుంది. వేలు ఇచ్చినవాళ్ళ పేర్లు బ్యానరు మీద ఉంటాయి. పది రూపాయలిచ్చిన పూలమ్మే అవ్వ పేరు రసీదులోనే ఉండిపోతుంది. అందరి పేర్లూ ఒకే సైజులో రాయమని మేం నలుగురం చీటీ రాసిచ్చాం. ఇంకా జవాబు రాలేదు.