బంతి మీద కుట్టు, కుట్టిన చెయ్యి

శ్రమను గౌరవించాలని మనం సభల్లో చెబుతాం, కవిత్వంలో రాస్తాం. కాని వొక వస్తువు చరిత్రను దాన్ని చేసిన చేతుల వైపు నుంచి చదివే అలవాటు మన విమర్శకు యింకా పూర్తిగా రాలేదు. క్రికెట్ చరిత్ర యిందుకు వుదాహరణ. పరుగులకు లెక్క వుంది, వికెట్లకు లెక్క వుంది. ఆ పరుగులన్నీ ఏ వస్తువును కొట్టి తీశారో దాని వుత్పత్తి చరిత్ర మాత్రం ఆ లెక్కల్లోకి రాలేదు.

ముందు బంతి తయారయ్యే తీరు చూద్దాం. లోపల బెండు గుండు. దాని చుట్టూ పొరలు పొరలుగా బిగించి చుట్టిన నూలు. పైన పటికతో పదునుచేసి, ఎర్రరంగు వేసిన ఆవుతోలు. తోలును నాలుగు ముక్కలుగా కోసి, రెండేసి ముక్కలను లోపలి వైపు నుంచి కుడతారు. యీ కుట్టు బయటికి కనబడకూడదు. వాటిని అచ్చులో వొత్తితే రెండు చిప్పలవుతాయి. గుండు మీద చిప్పలు మూసి, చట్రంలో బిగించి, మైనం పట్టించిన దారంతో నడిమి కుట్టు వేస్తారు. మొత్తం ఆరు వరసలు. చివరికి బరువు 156 నుంచి 163 గ్రాముల లోపల, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్ల లోపల వుండాలి. అప్పుడు మెరుగు పెట్టి, బంగారు రంగులో కంపెనీ పేరు అచ్చు వేస్తారు. కుట్టినవాడి పేరుకు దాని మీద చోటు లేదు.

ఆస్ట్రేలియా కూకబురా బంతికి లోపలి రెండు వరసలే చేతికుట్టు, మిగిలినవి యంత్రం పని. మన దేశంలో జరిగే టెస్టుల్లో వాడే ఎస్‌.జి. బంతికి ఆరు వరసలూ చేత్తో కుట్టినవే. అందుకే దాని కుట్టు చాలా ఓవర్ల వరకు ఎత్తుగా నిలుస్తుంది. స్పిన్ బౌలరు వేళ్ళకు ఆ కుట్టే ఆధారం. బౌలరు నైపుణ్యమని మనం చప్పట్లు కొట్టే దానిలో, పేరు లేని మరొకరి నైపుణ్యం కూడా కలిసి వుంది.

ఆ చేతులు ఎవరివి? ఆ కంపెనీ 1931లో సియాల్‌కోట్‌లో మొదలైంది. 1947లో దేశం రెండయినప్పుడు సియాల్‌కోట్ పాకిస్తాన్‌లోకి పోయింది. అక్కడి హిందూ వ్యాపారులు, పనివాళ్ళు ఎందరో జలంధర్‌కు, మీరట్‌కు తరలివచ్చారు. సియాల్‌కోట్ మేఘ్ కులస్థులు జలంధర్ క్రీడాసామగ్రి పరిశ్రమలో కుదురుకున్నారు. మీరట్‌లో బంతి కుట్టేవాళ్ళు ఎక్కువగా దళితులు. వ్యాపారి పెట్టుబడితోనో పరపతితోనో వచ్చాడు. పనివాడు చేతిపనితో వచ్చాడు. సరిహద్దు మారింది గాని తోలు ముట్టుకునే కులం మారలేదు.

బంతి తోలుదే. దాన్ని ఏ కులంవాడైనా పట్టుకుంటాడు, చెమట రాస్తాడు, పంట్లాముకు రుద్ది మెరుగు పెడతాడు. మైల తోలుకు అంటలేదు, మనిషికి అంటింది. దీనికి పల్వంకర్ బాలూ జీవితమే సాక్ష్యం. 1876లో ధార్వాడలో చర్మకార కులంలో పుట్టాడు. పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో నెలకు 4 రూపాయలకు మైదానం బాగుచేసే పనిచేస్తూ వాళ్ళకు గంటల తరబడి బంతులు వేశాడు. హిందువుల జట్టులోకి వచ్చాక అతను వేసిన బంతిని అగ్రకులాల ఆటగాళ్ళు అందుకున్నారు. టీ వేళకు మాత్రం అతనికి పెవిలియన్ బయట, వాడి పారేసే మట్టి ముంతలో టీ పోశారు. 1911లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టు తరఫున వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టు నాయకత్వం అతనికి దక్కలేదు. అది 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది.

యిక మన సాహిత్యం సంగతి. బంతి ఆట మన కావ్యాలకు కొత్త కాదు. దండి దశకుమార చరితంలో కందుకావతి బంతి ఆడుతుంది. 13వ శతాబ్దంలో కేతన ఆ కావ్యాన్ని తెలుగు చేశాడు. కందుకక్రీడ వర్ణనకు వొక సంప్రదాయమే వుంది. అది ఆడే చేతి అందాన్ని చూసిన సంప్రదాయం. తెలుగు ఎం.ఏ. తరగతిలో నాకు కందుకమనే మాట చెప్పారు. తంగేడు చెక్క నీళ్ళలో తోళ్ళు నానే లంద, తోలు కోసే రంపె, కుట్టడానికి చిల్లు పొడిచే ఆరె - యీ మాటలు పాఠంలో రాలేదు. యివి కూడా తెలుగు మాటలే. మాదిగవాడల్లో తరతరాలుగా బతికిన మాటలు. బడిపంతులుగా పిల్లలకు పర్యాయపదాలు చెప్పేటప్పుడు యీ లోటు నాకు స్పష్టంగా కనిపిస్తూ వుంటుంది. నిఘంటువు కూడా వాడలను దాటి తిరిగి వెళ్ళిన రథంలాంటిదే.

వస్తువుకు పెట్టే మెరుగు వెనక చెయ్యి కనబడకుండా పోవడం మార్కెట్ నీతి. రచనలో శైలి నునుపును మాత్రమే మెచ్చుకుని, అది ఎవరి బతుకు నుంచి వచ్చిందో అడగని విమర్శ కూడా ఆ నీతినే పాటిస్తుంది. యువ రచయితలకు, విద్యార్థులకు నా సూచన వొకటే. శ్రమ గురించి రాయదలచినవాళ్ళు శ్రమ అన్న మాటతో ఆగకూడదు. ఆ పని ఎలా జరుగుతుందో, దాని పనిముట్లకు ఏ పేర్లున్నాయో, కూలి ఎవరు నిర్ణయిస్తారో తెలుసుకోవాలి. కుట్టు ఎక్కడ లోపలికి పోయిందో అక్కడి నుంచే చరిత్ర విప్పడం మొదలుపెట్టాలి.