అంబాసిడర్ అడుగున అతుకు: ఒక పనితనపు చరిత్ర

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్‌.బి.నగర్‌ల మీదుగా విజయవాడ రహదారిపై సాగితే ఆటోనగర్ వస్తుంది. ఇటువంటి మరమ్మతు వాడల పనితనం రాతకెక్కేది తక్కువ. కారు అడుగున మిగిలిన వెల్డింగ్ అతుకే దానికి ఆధారం.

1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్‌కు లారీకున్నట్లు విడి ఛాసిస్ లేదు. మాతృకయైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిలో వలెనే బాడీయే భారమంతా మోసేది. కనుక అడుగు రేకు తుప్పుపడితే కారు మొత్తం బలహీనపడేది. తుప్పును గట్టి లోహం తగిలేవరకు కోసివేసి, కొత్త రేకును పెట్టె ఆకారంలో వంచి అతకడమే దీనికి విరుగుడు. కోతకు ముందు కారుకు సరైన ఆధారాలు పెట్టకపోతే తలుపులు మళ్లీ సరిగా పడవు. తుప్పు మీదే పట్టీ వేస్తే అది నిలువదు. మరీ మందపు రేకు వేసినా చిక్కే: కుదుపుల బలం అతుకు అంచున చేరి, పక్కనున్న పాత రేకు చీలుతుంది.

మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్, 2000 నాటి సవరణ తరువాత, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటున్నది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు దీనినే దృఢపరచింది. అయితే పోయిన బలాన్ని తిరిగి తెచ్చే అతుకునూ, లేని బలాన్ని చేర్చే పట్టీనీ ఒకే గాటన కట్టడం తగదు. మొదటిది మరమ్మతు, రెండవది మార్పు. పోల్చడానికి అసలు రేకే మిగలని పాత కారులో మాత్రం ఈ తేడాను తేల్చడం కష్టం.