పాఠాంతరమా? లేఖక ప్రమాదమా?

ఖమ్మం సీమ దాటి భద్రాచలం మన్యంలో అడుగిడిన వారికి గోదావరి, శబరి నదుల సౌందర్యంతో పాటు చలిజ్వరపు భయమూ పూర్వం నుండి పరిచితమే. ఆ మలేరియా జ్వరపు సూక్ష్మజీవి దోమ కడుపులో పెరుగుతుందని కనిపెట్టిన చోటు మన సికిందరాబాదు. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దొర, రోగి రక్తం త్రాగిన ఒక దోమ కడుపులో నల్లని చుక్కలు గల కణాలను చూచాడు. మరునాడు మరొక దోమను కోయగా అవే కణాలు మరింత పెరిగి కనిపించాయి. రెండవ సాక్ష్యంతో మొదటి దానికి బలం చేకూరింది.

తరువాతి కాలంలో క్లోరోక్విన్ ఈ జ్వరానికి రామబాణమైనది. కాని 1973లో అస్సాంలో ఆ బాణం గురి తప్పడం మన దేశంలో మొదటిసారి గమనించారు. సూక్ష్మజీవి జన్యులిపిలో ఒకానొక జన్యువు 76వ స్థానంలో వచ్చిన మార్పే దీనికి ప్రధాన కారణమని 2000 సంవత్సరంలో తేలింది. ఆనాటి నుండి ఏ మందు పనిచేయునో తెలియాలంటే ఆ లిపిని చదువవలసి వచ్చింది.

ఆ చదువు సులభం కాదు. ఫాల్సిపారం మలేరియా జీవి జన్యులిపి 2002లో పూర్తిగా వెలువడింది. అందులో సుమారు రెండు కోట్ల ఇరవై ఎనిమిది లక్షల అక్షరాలున్నవి. ఉన్న నాలుగు అక్షరాలలో రెండే నూటికి ఎనభై పాళ్ళు ఆక్రమించినవి. ఒకే అక్షరం వరుసగా వచ్చిన చోట యంత్రం తడబడుతుంది. వేయింటికొక అక్షరం తప్పు చదివినా, ఒక్క పఠనంలో ఇరవై రెండు వేలకు పైగా దోషాలు దొర్లుతవి.

ఈ చిక్కు మనకు క్రొత్త కాదు. కడపలో బ్రౌన్ దొర పండితులను కూర్చుకొని తాళపత్ర ప్రతులను సరిపోల్చినప్పుడు ఎదురైన ప్రశ్న ఇదే: ఈ భేదం నిజమైన పాఠాంతరమా, లేక లేఖకుని చేతితప్పా? ఒకే మాతృక నుండి వ్రాసిన పది ప్రతులు పది సాక్ష్యాలు కావు. మాతృకలోని తప్పు పదింటిలోను ఉంటుంది. ప్రయోగశాలలోనూ అంతే. రక్తంలోని కొద్దిపాటి డి.ఎన్.ఏ.ను లక్షల నకళ్ళుగా పెంచుతారు. మొదటి నకలులో జారిన తప్పు అన్నిటా వ్యాపిస్తుంది. కావుననే ఒకే నమూనాను రెండు భాగాలు చేసి, వేర్వేరుగా నకళ్ళు తీసి, రెంటిలోను కనబడిన భేదాన్నే నమ్ముతారు. డి.ఎన్.ఏ. జంటపోగులలో రెండు పోగుల పఠనమూ ఏకీభవించునా అని కూడ పరీక్షిస్తారు.

అయితే అరుదైన ప్రతి భేదమూ దోషమని కొట్టివేయడం అంతకంటె ప్రమాదం. అడవిలో పలుమార్లు దోమకాటుకు గురియైన మనిషి దేహంలో రెండు మూడు వంశాల సూక్ష్మజీవులు కలిసి ఉండవచ్చును. మందుకు లొంగని వంశం వాటిలో నూటికి రెండు పాళ్ళే కావచ్చును. దానిని చేతితప్పుగా భావించి విడిచితే, మందు తక్కిన వాటిని హతమార్చి దానికే దారి విశాలం చేస్తుంది. దోషాన్ని నిజమని నమ్మితే, పనిచేసే మందును అకారణంగా వదులుకొన్నవారమవుతాము.

ఫాల్సిపారం జ్వరానికి 2010లో మన దేశమంతటా క్లోరోక్విన్‌ను విడిచి, ఆర్టెమిసినిన్ కలిసిన జంటమందును విధించారు. ఆ మందు ఎంతకాలం కాచునో ముందుగా తెలిపేది ఈ అక్షరపరీక్షయే. ఇందులో కావలసినది తొందరపాటు కాదు, సాక్ష్యవిచారణ. మన్యంలోని కోయగూడెంలో తల్లి తన బిడ్డ నోట వేసే మాత్ర పనిచేయడం, చేయకపోవడం ఈ విచారణ మీదనే ఆధారపడి ఉన్నది.