కొల్లేటిలో తొలి తట్ట మట్టి

కొల్లేరు ఎలా పాడైందో చెప్పేవారు చాలామంది 1990ల దగ్గర మొదలుపెడతారు: డబ్బున్నవాళ్లు వచ్చారు, చేపల చెరువులు తవ్వారు, సరస్సు చచ్చింది. ఇది అబద్ధం కాదు, సగం నిజం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు నీళ్లు తెస్తాయి. ఆ నీళ్లు సముద్రంలో కలవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 19వ శతాబ్దం మధ్యలో ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు కట్టాక డెల్టా పొలాల మురుగూ ఇటే మళ్లింది. సరస్సు దాన్నీ తట్టుకుంది. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ ఇక్కడ వేల సంఖ్యలో గూడబాతులు గూళ్లు కట్టుకోవడం చూశారు. 1970ల మధ్యకల్లా ఆ స్థావరం ఖాళీ అయింది. అంటే 1990ల పెట్టుబడి కంటే ముందే ఏదో తెగింది.

నా దృష్టిలో ఆ తెగడం ప్రభుత్వ చేతుల మీదుగానే జరిగింది. స్వాతంత్ర్యం తర్వాత సరస్సు గర్భాన్ని సహకార సేద్యానికి ఇచ్చారు. వరి ముంపుకు పోతుంటే, 1970ల రెండో సగంలో మత్స్యకార, బలహీనవర్గాల సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చారు. పేదల బతుకు కోసమే కదా అనవచ్చు. ఉద్దేశాన్ని నేనూ శంకించను. కానీ వలకట్లతో పారే నీటిలో కొర్రమీను, జెల్ల పట్టడానికి పెట్టుబడి అక్కర్లేదు. గట్టు లోపల బొచ్చె, శీలావతి పెంచాలంటే పిల్లకూ మేతకూ అప్పు కావాలి. అప్పిచ్చినవాడికే చెరువు లీజుకు పోయింది, దాని యజమాని అందులోనే కూలీ అయ్యాడు. తర్వాత వచ్చిన పెట్టుబడికి కొత్త దారి వెతుక్కునే పని లేకపోయింది. సరస్సును ముక్కలుగా కోయవచ్చని నేర్పింది ఆ తొలి తట్ట మట్టే. మందుల మురుగు, ఊళ్ల చెత్త దోషం తక్కువని కాదు. నీరు కదిలితే వాటి విషం కొంత పలచబడేది.

1999లో ఐదో కాంటూరు (ఎత్తును సూచించే గీత) వరకు, దాదాపు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో చెరువుల గట్లు పగలగొట్టారు. అవి మళ్లీ లేచాయి. 2008లో శాసనసభ హద్దును మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. వాదమంతా ఎత్తు చుట్టూ తిరిగింది, పారుదల గురించి కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునకకు బుడమేరు గండ్లే తక్షణ కారణం కావచ్చు, కానీ ఆ ఏరు చివరికి చేరేది కొల్లేటికే, అక్కడ పారుదల లేకపోతే నీళ్లు వెనకే నిలుస్తాయి. కూలీగా మారినవాడికి వేరే బతుకు చూపకుండా గట్టు కొట్టడం ఫొటోకు పనికొస్తుంది, సరస్సుకు కాదు.