ముందు చిట్టా, తరువాత ఆవర్జా

కోల్‌కతాలో హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఖిదిర్‌పూర్ రేవు 1892లో ప్రారంభమైంది. నదిలోని ఆటుపోట్లు ఓడలను ఇబ్బంది పెట్టకుండా గేట్లు కట్టి నీటిని నిలిపిన రేవు అది. అక్కడికి వచ్చే ఓడల్లో సరుకుతోపాటు ఒక పుస్తకం కూడా ఉంటుంది. దాని పేరు లాగ్‌బుక్. లాగ్ అంటే చెక్క దుంగ. పూర్వం నావికులు ముడులు వేసిన తాడుకు చెక్కముక్కను కట్టి నీటిలోకి విసిరేవారు. నిర్ణీత సమయంలో ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టి ఓడ వేగం తెలుసుకునేవారు. ఆ వేగం రాసుకునే పుస్తకానికి చెక్క పేరే స్థిరపడింది.

ఆ మాటే తరువాత కంప్యూటర్లలోకీ వచ్చింది. అయితే ఒక తేడా ఉంది. ఓడ లాగ్‌లో జరిగిపోయినది రాస్తారు. ఫైళ్లను కాపాడే లాగ్‌లో కంప్యూటరు తాను చేయబోయేది రాసుకుంటుంది. ఈ తేడాలోనే అసలు కిటుకు ఉంది.

మీరు ఒక కొత్త ఫైలు తయారు చేశారనుకోండి. డిస్కులో కనీసం మూడు చోట్ల మార్పు జరగాలి: ఖాళీ స్థలాల పట్టికలో, ఫైలు వివరాల్లో, డైరెక్టరీలో. రెండు మార్పులు జరిగి మూడోది జరగకముందే కరెంటు పోతే? లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకే స్థలాన్ని రెండు ఫైళ్లు తమదే అనవచ్చు.

1970ల చివర్లో యూనిక్స్ కంప్యూటర్లలో దీనికి 'ఎఫ్‌ఎస్‌సీకే' అనే ప్రోగ్రాం వచ్చింది. కంప్యూటరు తిరిగి లేవగానే ఇది ఫైళ్ల లెక్కలన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా సరిచూసేది. డిస్కులు చిన్నవిగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. అవి పెరిగేకొద్దీ ఈ తనిఖీకి గంటలు పట్టసాగింది. అంతసేపూ ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో సర్వరు మూగపోతే పరిస్థితి ఏమిటో ఊహించండి.

పరిష్కారం మన కిరాణా కొట్టులోనే ఉంది. వ్యాపారి ప్రతి లావాదేవీని ముందు చిట్టాలో రాస్తాడు. తీరిక వేళ ఆవర్జాలోని ఖాతాలకు ఎక్కిస్తాడు. మధ్యలో పని ఆగిపోతే ఆవర్జా అంతా తిరగేయనక్కర్లేదు. చిట్టాలో చివరి పేజీలు చూస్తే చాలు. కంప్యూటరు కూడా అంతే. చేయబోయే మార్పులన్నీ లాగ్‌లో రాసి, చివర 'పూర్తయింది' అని గుర్తు పెడుతుంది. ఆ తరువాతే అసలు చోట్ల మార్పులు చేస్తుంది. క్రాష్ తరువాత గుర్తు ఉన్న మార్పులను మళ్లీ చేస్తుంది, గుర్తు లేనివాటిని వదిలేస్తుంది. ఒకే మార్పును రెండుసార్లు చేసినా నష్టం లేదు. పని ముగిసిన పద్దులను చెరిపేస్తారు కాబట్టి లాగ్ చిన్నదిగానే ఉంటుంది. అందుకే కోలుకునే సమయం డిస్కు ఎంత పెద్దదన్న దానిమీద కాక, లాగ్ ఎంత పొడవన్న దానిమీద ఆధారపడుతుంది. గంటల పని సెకన్లలోకి దిగుతుంది!

ఈ పద్ధతి మొదట డేటాబేస్‌లలో పెరిగింది. ఐఐటీ మద్రాసులో చదివిన సి. మోహన్, ఐబీఎంలోని సహచరులతో కలిసి 1992లో 'ఏరీస్' పద్ధతిని వివరంగా ప్రచురించారు. క్రాష్‌కు ముందు జరిగిన చరిత్రను లాగ్ సాయంతో మళ్లీ నడిపించి, తరువాత అసంపూర్తి పనులను రద్దు చేయడం దాని సూత్రం. ఫైళ్ల విషయానికి వస్తే, 1987లో జిరాక్స్ పరిశోధకుడు రాబర్ట్ హాగ్‌మన్ సెడార్ వ్యవస్థలో లాగ్‌ను వాడి చూపారు. 1990లో ఐబీఎం ఏఐఎక్స్, 1993లో విండోస్ ఎన్‌టీ ఆ దారి పట్టాయి. స్టీఫెన్ ట్వీడీ లినక్స్ కోసం తయారు చేసిన ఎక్స్‌ట్3 2001లో అందులో భాగమైంది.

ఒక హెచ్చరిక. చాలా ఫైల్ వ్యవస్థలు ఫైళ్ల లెక్కలనే లాగ్‌లో రాస్తాయి, ఫైళ్లలోని విషయాన్ని కాదు. మీరు ఇంకా సేవ్ చేయని వ్యాసాన్ని లాగ్ తిరిగి ఇవ్వలేదు. డిస్కే చెడిపోతే లాగ్ కూడా దానితోపాటే పోతుంది. కనుక ముఖ్యమైన ఫైళ్లకు మరోచోట నకలు ఉంచుకోవడం మీ బాధ్యతే.