మూసీ వెల్లువయుఁ జెఱువుకట్టలును

కీలకనామ సంవత్సర మాశ్వయుజమాసమున, శరన్నవరాత్రములు నడుచుచుండఁగనే, హైదరాబాదు నగరమును మూసీనది ముంచెను. అది 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేది, సోమవారము. మహమ్మదీయులకు రంజాను మాస మప్పుడే మొదలైనది. ఆ యాపదకు నగరవాసులు పెట్టిన పేరు ‘తుగ్యానీ సితంబర్’, అనఁగా సెప్టెంబరు వెల్లువ. పదునైదువేలమంది చనిపోయిరనియు, ఎనుబదివేలమంది నిలువనీడ లేనివారైరనియు సాధారణముగా వ్రాయుదురు. చనిపోయినవారు ఇంతకంటె మిక్కిలి యెక్కువయని చెప్పువారును గలరు. కుటుంబమునకుఁ గుటుంబమే కొట్టుకొనిపోయినచోట లెక్క చెప్పుట కెవరు మిగులుదురు?

మూసీనది వికారాబాదునకు సమీపమున ననంతగిరి కొండలలోఁ బుట్టి, తూర్పుగాఁ బ్రవహించి, నల్లగొండ మండలమున వాడపల్లియొద్దఁ గృష్ణలోఁ గలయును. పండితులు దీనికి ముచుకుందానది యని పేరు పెట్టి, పురాణములయందలి ముచుకుందుని కథను దీనికిఁ దగిలించిరి. ముచుకుందశబ్దమే యరిగి మూసీ యైనదో, మూసీ యను పేరునకే ముచుకుంద వేషము వేయఁబడినదో నిర్ణయించుట సులభము కాదు. ఊరి పేరులకును ఏటి పేరులకును సంస్కృతపు మొలనూలు కట్టుట పండితులకుఁ జిరకాలపు టలవాటు. ఇక్కడఁ గావలసినది పేరు కాదు, ఏటి స్వభావము. వేసవిలో మోకాలిబంటి నీరైన నుండని యేఱిది. పిల్లవాఁడైనను నడచి దాఁటు నేటికి భయపడువారెవరు? కావుననే యిండ్లు ఏఁటేఁట నొడ్డునకు జరుగుచువచ్చెను. కోల్సావాడి, ఘాంసీబజారు, అఫ్జల్‌గంజు ప్రాంతములు జనముతో నిండి నీటియంచునకు దిగినవి.

అట్టి యేటిపై నా దినములలోఁ గురిసిన వానను శంషాబాదు వర్షమానపు లెక్కచేత నెఱుఁగవచ్చును. ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళములు, నలువదియెనిమిది గంటలలో 18.9 అంగుళములు. నగరమునొద్ద వెల్లువ ముమ్మరముగా నున్నప్పుడు సెకనునకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పాఱినదని తరువాత లెక్కకట్టిరి. అఫ్జల్‌గంజు, ముసల్లంజంగు, చాదర్‌ఘాటు వంతెనలు మూఁడును దెగిపోయెను. కుతుబ్‌షాహీల కాలమున 1578లోఁ గట్టిన పాతవంతెన మాత్రము నిలిచెను. ఒడ్డుననున్న యాసుపత్రియు నీటిపాలయ్యెను. ఆ యాసుపత్రి తోఁటలో నొక చింతచెట్టుండెను. దాని కొమ్మలపైకి నూటయేఁబదిమంది యెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. చింతచెట్టుమీఁద దయ్యములుండుననియు, రాత్రివేళ దానిక్రింద నిదురింపరాదనియుఁ దెలుఁగు దేశమునఁ బెద్దలు చెప్పుదురు. ఆ దినమున మేడలును వంతెనలును జేయలేని పనిని దయ్యాలచెట్టు చేసెను.

చెట్టు దొరకనివారిలో నుర్దూకవి అంజద్ హైదరాబాదీ యొకఁడు. ఆయన తల్లియు, భార్యయు, కూఁతురును నా వెల్లువలోఁ బోయిరి. ఇంటిలోఁ దా నొక్కఁడే మిగిలెను. నాలుగు పాదముల రుబాయీలకుఁ బేరుపొందిన యీ కవి యటుపిమ్మట నేఁబదియేండ్లకు మించి బ్రదికి 1961లోఁ జనిపోయెను. వెల్లువను గూర్చి యాయన రచించిన పద్యమునకు ‘ఖయామతె సుగ్రా’ యని పేరు. చిన్నప్రళయ మని దాని యర్థము. సర్వస్వము పోఁగొట్టుకొన్నవాఁడు చిన్నప్రళయ మనుటేమని చదువరి కాశ్చర్యము కలుగవచ్చును. అది మహమ్మదీయ మతశాస్త్రమునందలి పరిభాష. లోకమంతయు నంతరించుట పెద్దప్రళయము, ఒక్కొక్క ప్రాణి చచ్చుట చిన్నప్రళయము. విష్ణుపురాణమునందును నైమిత్తిక ప్రాకృత ప్రళయములతోపాటు, దినదినమును బ్రాణులు నశించుటకు నిత్యప్రళయ మను పేరు గలదు. ఇన్నివేలమంది యన్న సంఖ్యలో నొక యింటి దుఃఖము కనఁబడకపోవును. కవి యా పేరుచేత దానిని వేఱుచేసి చూపెను.

ప్రభువు నూరకుండలేదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను తన మహళ్ళను నిరాశ్రయులకుఁ దెఱపించి, అన్నవస్త్రము లిప్పించెను. జ్యోతిష్కులు చెప్పఁగా నాయన నదియొడ్డునకుఁ బోయి, హిందూమర్యాదచొప్పున హారతియు టెంకాయయు సమర్పించి, నదిని శాంతింపఁజేసె నని యొక కథ జనులలోఁ గలదు. కథ నిజమైనను గాకున్నను, ప్రభువు తమతోఁ గూడ భయపడెనని ప్రజలు నమ్మగోరి రనుట స్పష్టము. ఈ యాదరణ యెంత మెచ్చుకొనఁదగినదైనను, అంతయు నీరు దిగిన తరువాతిది. ఆపద రాకముందు చేయవలసిన పని యేది, ఎవరిదనుట వేఱు ప్రశ్న.

ఈ ప్రశ్నకుఁ గౌటిల్యుఁ డొక సమాధానము వ్రాసి యుంచెను. అర్థశాస్త్రమునందు దైవికములైన మహాభయము లెనిమిదింటిని జెప్పుచు, అగ్ని తరువాత నుదకమును బేర్కొనెను. ఏటియొడ్డు గ్రామములవారు వానకాలమున వెల్లువదారి విడిచి మిట్టలపై వసింపవలయును. చెక్కలు, వెదుళ్ళు, పడవలు సిద్ధముగా నుంచుకొనవలయును. కొట్టుకొనిపోవువానిని సొరకాయబుఱ్ఱలతోను దోలుతిత్తులతోను బడవలతోను గట్టు చేర్పవలయును. సహాయమునకుఁ బోనివానికిఁ బండ్రెండు పణముల దండనము. తేలుటకు సాధనము లేనివానికి మాత్రము దండనము లేదు. పొరుగువానిని రక్షించుట పుణ్యకార్యముగాఁ గాక, తప్పినచో దండనము గలిగిన విధిగాఁ జెప్పుట యిందలి విశేషము. కాని మోకాలిబంటి యేటియొడ్డునఁ బడవ యెవఁడు దాఁచుకొనును?

మైసూరునందు శామశాస్త్రిగారీ యర్థశాస్త్రము నచ్చువేయించినది 1909లో. ఆ యేఁడే మైసూరు దేశస్థుఁడైన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదునకు వచ్చిరి. అప్పుడే బొంబాయి ప్రభుత్వపుఁ గొలువు విడిచి యూరపు ఖండమునఁ దిరుగుచున్న యాయనను నిజాము ప్రభుత్వము పిలిపించెను. 1909 ఏప్రిలులోఁ బని కుపక్రమించి, ఆ సంవత్సరమే యక్టోబరులోఁ దమ నివేదిక నొసంగిరి. ఈ చరిత్రమునఁ గెల్ల ముఖ్యమైన విషయ మందున్నది.

విశ్వేశ్వరయ్యగారు వాన లెక్కలతో నిలువక, నగరమునకు ఎగువ మూసీ పరీవాహభూమినంతయుఁ బరిశీలించిరి. అందు 788 చెఱువులు గలవు. ఇంచుమించుగాఁ జదరపుమైలున కొకటి. వానిలో 221 చెఱువుల కట్టలు తెగినవని తేలెను. నగరముపైఁ బడినది వాననీరు మాత్రమే కాదు. ఎగువ ఊళ్ళవారు తరతరములుగా నిలువచేసికొనుచు వచ్చిన చెఱువునీరును గూడ.

ఇది జరుగు తీరు తెలంగాణమునఁ జెఱువుక్రింద సేద్యము చేయు ప్రతి రైతునకుఁ దెలియును. ఈ సీమలోఁ జెఱువులు విడివిడిగా నుండవు. పై చెఱువు మత్తడి దూఁకిన నీరు వాఁగుగుండఁ గ్రింది చెఱువునకుఁ జేరును. దాని మత్తడినీరు మఱియొకదానికి. వీనిని గొలుసుకట్టు చెఱువులందురు. గొలుసు చక్కఁగా నున్నంతకాలము వాన యెంత కురిసినను నీరు మెట్టుమెట్టుగా దిగును. నదికిఁ జేరునప్పటికి దాని యుద్ధతి యణఁగును. పైనొక కట్టకు గండిపడెనా, ఆ చెఱువునీరంతయు నొక్కుమ్మడిగాఁ గ్రిందిదానిపైఁ బడును. మత్తడి యెంత వెడల్పైనను దానిని మోయలేదు. ఆ కట్టయుఁ దెగును. ఇట్లు కాపాడవలసిన గొలుసే కొట్టు గొలుసగును. కట్టమీఁద మొలచిన చెట్టు వేరు, ఎలుకబొఱియ, తూమునొద్ద నూరుచున్న చెమ్మ, పూడినిండిన మత్తడికాలువ, ఇవి చూడ నల్పములు. వీనిని గనిపెట్టుటకే గ్రామమున నీరటికాఁ డుండెడివాఁడు. దశబంధము మొదలగు మాన్యములు చెఱువు బాగుచేయువారి కిచ్చిరని శాసనములు చెప్పుచున్నవి.

ఈ జ్ఞానము క్రొత్తది కాదు. కడప మండలమునఁ బోరుమామిళ్ళ చెఱువుకట్టనున్న శక 1291, అనఁగా క్రీ. శ. 1369వ సంవత్సరపు సంస్కృతశాసనమున, విజయనగర రాజైన బుక్కరాయని కుమారుఁడు భాస్కరుఁడు చెఱువునకుఁ గావలసిన యంగములు పండ్రెండింటిని, దోషము లాఱింటిని జెక్కించెను. కట్టనుండి నీరు స్రవించుట యందొక దోషము. నీ రధికమై భూమి యల్పమగుట యొకటి. కౌటిల్యుఁడు మఱింత కఠినుఁడు. నీరున్న కట్టను దెగఁగొట్టినవాని నక్కడనే నీట ముంచి చంపుమనెను. అయిదేండ్లు పనిచేయక పడియున్న చెఱువుపై దాని స్వామి హక్కు పోవునని, ఆపత్కాలమును మినహాయించి, విధించెను. తెంపినవానికి మరణదండనము, ఉపేక్షించినవానికి స్వామ్యనాశము. రెండవదానిని నడుపుటయే కష్టము. తెంపినవాఁ డొకఁడుండును, ఉపేక్షించినవారు ఊరివారందఱును, వారితో సర్కారును.

విశ్వేశ్వరయ్యగారు సూచించిన ప్రతీకారము పెద్దది. నగరమున కెగువఁ బదిమైళ్ళలోపున, మూసీకొకటియు దాని యుపనదియైన యీసీకొకటియు జలాశయములను గట్టి, వెల్లువనీటిని బట్టియుంచి, మెల్లమెల్లఁగా విడువవలెననిరి. మహబూబ్ అలీఖాను 1911లోఁ జనిపోయెను. ఆయన కుమారుఁడు ఉస్మాన్ అలీఖాను కాలమున 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను బూర్తియయ్యెను. పాడైన యాసుపత్రి తావున ఉస్మానియా ఆసుపత్రి లేచెను. వెల్లువ నాఁపుటకుఁ గట్టిన యా జలాశయములే నగరమునకుఁ ద్రాగునీ రిచ్చినవి.

కాని యీ రెండు జలాశయములు కట్టిన తరువాత, నగరమునకు నదిభయము తీఱినది, దానితోఁ జెఱువులపై జాగ్రత్తయుఁ దీఱినది. పెద్ద గోడ వెనుక నున్నవాఁడు తన యింటి తలుపు గడియ మఱచినట్లైనది. చెఱువుశిఖములలో నిండ్లు లేచెను, మత్తడికాలువలు వీథులయ్యెను. 1996లో జలాశయములచుట్టును బదికిలోమీటర్ల మేరను గట్టడములను నిర్బంధించుచుఁ బ్రభుత్వ ముత్తరువు చేసెను. 2022 ఏప్రిలులో మఱియొక యుత్తరువు వెలువడి యా నిర్బంధములను దొలఁగించెను.

ఆసుపత్రి యావరణమున నా చింతచెట్టు నిలిచియుండఁగా, సెప్టెంబరు 28వ తేదిని గొందఱు పౌరులు దాని నీడకుఁ జేరి చచ్చినవారిని దలఁచుకొనుట యాచారమైనది. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదిని నగరముపై మహావర్షము కురిసెను. ఈ మాఱు వార్తలలో ముందుగా వినఁబడినది నది పేరు కాదు. దక్షిణమునఁ బల్లెచెఱువు కట్ట తెగెను. కొలఁది దినములకే బాలాపూరునొద్ద గుఱ్ఱముచెఱువునకు గండిపడి, ఆ నీరు రాత్రివేళ హాఫిజ్‌బాబానగరు వీథులలోఁ జొచ్చెను.